టేపు ఇంట్లోనే ఎక్కించండి, అది అమానత్

ఈమధ్య ఏ ఫోటో స్టూడియో ముందు నిలబడ్డా ఒక బోర్డు కనబడుతోంది. "పాత వీడియో క్యాసెట్లు పెన్ డ్రైవ్‌లో ఎక్కించి ఇవ్వబడును." పక్కనే క్యాసెట్‌కు ఇంత అని రేటు. కొన్ని దుకాణాలవాళ్లు "4కె క్వాలిటీ" అని కూడా రాస్తున్నారు. ఆ ముచ్చట తర్వాత చెబుతాను. మనవాళ్లు సందూకులు, అల్మారాలు దులిపి పదీ పదిహేను టేపుల్ని ఒక సంచీలో వేసుకుపోయి ఆ కౌంటర్ మీద పెట్టి, పేరూ ఫోన్ నంబరూ రాయించి వచ్చేస్తున్నారు. వారం తర్వాత పెన్ డ్రైవ్ చేతికొస్తుంది. టేపులు వాపస్ ఇస్తారా అని కూడా కొందరు అడగరు.

నా రాయ్ చెప్పేస్తాను. ఇవ్వొద్దు. జనానా టేపుల్ని అసలే ఇవ్వొద్దు. ఇంట్లో ఒక మామూలు కంప్యూటర్ ఉంటే ఈ పని మనమే చేసుకోవచ్చు. అదీ జల్దీ చేసుకోవాలి.

జల్దీ ఎందుకంటే రెండు వైపుల నుంచీ వక్త్ అయిపోతోంది. వీసీఆర్ తయారుచేసే ఆఖరి కంపెనీ జపాన్‌లోని ఫునాయ్. 2016 జులైలో అది కూడా ఆపేసింది. అంటే ఇవాళ బజారులో దొరికే ప్రతి వీసీఆరూ పాతదే, ఇంకా పాతబడుతున్నదే. ఇక టేపు సంగతి. అది అరంగుళం వెడల్పున్న ప్లాస్టిక్ ఫీతా. దాని మీద అయస్కాంతపు పొడిని ఒక రకం జిగురుతో అతికిస్తారు. బొమ్మ ఆ పొడిలో ఉంటుంది. జిగురు వదిలితే పొడి రాలిపోతుంది, పొడితోపాటు బొమ్మా పోతుంది. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 2015లోనే హెచ్చరించింది: 2025లోపు డిజిటల్‌లోకి మార్చని టేపుల్లో చాలా భాగం ఇక దక్కదని. ఏసీ గదుల్లో దాచినవాళ్ల ఫికరే అలా ఉంటే, బారిష్ కాలంలో గోడలు చెమ్మగిల్లే మన ఇళ్ల సంగతేమిటి? మన టేపులకు బూజు పెద్ద దుష్మన్. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే ఫీతా చుట్టల అంచున తెల్లగా పిండి చల్లినట్టు కనిపిస్తుంది చూడండి, అదే.

ఈ టేపులు మన ఇళ్లలోకి ఎలా వచ్చాయో కొంచెం యాద్ చేసుకోవాలి. అది లేకుండా దుకాణానికి ఎందుకు ఇవ్వొద్దంటున్నానో అర్థం కాదు.

1982లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ నాటికి దేశంలో కలర్ టీవీ వచ్చింది. ఆ తర్వాత గల్ఫ్ నుంచి ఛుట్టీ మీద వచ్చేవాళ్ల సామానులో టాంగ్ డబ్బాలు, సెంటు సీసాలు, దుప్పట్ల మధ్య ఒక వీసీఆర్ కూడా దిగడం మొదలైంది. మాది బోధన్. షక్కర్ ఫ్యాక్టరీ ఊరు. మా మొహల్లాలో షాదీలకు వీడియో కెమెరా వచ్చిన కొత్తల్లో ప్రతి ఖాందాన్‌లోనూ ఝగడానే. బుజుర్గులు కుదరదన్నారు. దుబాయిలో ఉన్న కొడుకు సొంత చెల్లెలి నిఖాకు రాలేకపోతున్నాడు, వాడు ఎట్లా చూడాలి అని తల్లులు ఎదురడిగారు. ఆ సవాలుకు ఏ బుజుర్గు దగ్గరా జవాబు లేదు. చివరికి ఎక్కడికక్కడ ఒక సమ్‌ఝోతా కుదిరింది. మర్దానాలో స్టూడియో అతను తీస్తాడు. జనానాలోకి అతను అడుగుపెట్టడు. అక్కడికి ఇంటి పిల్లవాడు కెమెరా పట్టుకుపోతాడు, లేదా స్టూడియో అతని భార్యో చెల్లెలో వస్తుంది. 1991లో మా చిన్న ఖాలా షాదీకి లైటు వైరు మోసింది నేనే. పదకొండేళ్లు నాకు. ఆ హాలోజన్ లైటు వేడికి దుల్హన్ మొఖం మీద చెమట, లైటు పడగానే పిల్లలందరూ కెమెరాలోకి మొఖాలు పెట్టడం, ఎవరో ఒక ఫుప్పూ దుప్పట్టా అడ్డం పెట్టుకుని "మేరెకు నక్కో" అని కేకేయడం, ఇవన్నీ ప్రతి టేపులోనూ ఉంటాయి.

ఆ సమ్‌ఝోతాలో రాసుకోని ఒక షర్తు ఉంది. ఈ టేపు ఇంట్లోవాళ్లు చూడ్డానికి. బయటివాళ్లకు కాదు. ఆ భరోసా మీదే మాంఝా రోజున, సాంచక్ రోజున మన ఆడవాళ్లు కెమెరా ముందు తల మీద కొంగు లేకుండా కూర్చున్నారు, ఢోలక్ కొట్టారు, గీత్ పాడారు, సమధన్లను ఆటపట్టించారు, నవ్వారు. బజారుకు బుర్ఖా లేకుండా పోని మనుషులు వాళ్లు. మా నానీ అల్మారా తాళంచెవి నడుముకు కట్టుకుని తిరిగేది. ఆ అల్మారాలో జేవర్ పక్కన ఆ క్యాసెట్ ఉండేది. దీన్ని అమానత్ అనక ఇంకేమంటారు?

టేపుకు తనదైన ఒక పర్దా కూడా ఉండేది. ఎవరూ కావాలని పెట్టింది కాదు. నకలు తీయాలంటే రెండు వీసీఆర్లు కావాలి. మూడు గంటల టేపుకు మూడు గంటలు కూర్చోవాలి. నకలుకు నకలు తీస్తే రంగులు కారిపోతాయి, మొఖాలు కరిగిపోతాయి. మూడో నకలుకు వచ్చేసరికి దుల్హన్ ఎవరో దుల్హన్ అమ్మీయే పోల్చుకోలేదు. ఆ ఖరాబే కాపలా కాసేది. డిజిటల్‌కు ఆ ఖరాబు లేదు. వెయ్యో నకలు కూడా మొదటిదానిలాగే ఉంటుంది, అర నిమిషంలో సౌదీ నుంచి షికాగో దాకా పోతుంది. తాళంచెవి నడుముకు కట్టుకుని ఏం లాభం?

నాకు తెలిసిన ఒక ఖాందాన్‌కు ఇదే జరిగింది. ఊరి పేరు వద్దు, దుకాణం పేరు అసలే వద్దు. వాళ్లిచ్చిన టేపుల్లో ఒకదానిలో రంగులు బాగా నిలిచాయి. దుకాణం అతను తన పనితనం చూపించుకోవడానికి అందులోంచి ఒక ముక్క తీసి, ఇదీ పాతది, ఇదీ మేం బాగుచేసింది అని పక్కపక్కన పెట్టి షట్టర్ దగ్గర టీవీలో తిప్పుతున్నాడు. అది మాంఝా ముక్క. పసుపు బట్టల్లో నలుగురు అక్కచెల్లెళ్లు. ఆ ఇంటి అల్లుడు మెడికల్ షాపుకు పోతూ రోడ్డు మీద నిలబడి తన అత్తను చూశాడు. పోయి అడిగితే అతను వెంటనే తీసేశాడు, మాఫీ కూడా అడిగాడు. నిజంగానే అతను చెడ్డవాడు కాదు. అతని కంటికి అది రంగులు నిలిచిన ఒక టేపు, అంతే. అప్పటికి ఆ షట్టర్ ముందు ఎందరు నిలబడ్డారో, ఎవరి ఫోన్లో ఏం పడిందో ఎవరికి తెలుసు? ఇరవై ఏళ్లుగా పత్రికల్లో పనిచేస్తున్నాను. తప్పు అచ్చయితే మర్నాడు సవరణ వేస్తాం. బొమ్మ బయటికి పోతే వేయడానికి సవరణ లేదు.

సరే, ఇంట్లో ఎలా? సామాను తక్కువే. నడిచే వీసీఆర్ ఒకటి. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల వైరు ఒకటి. కంప్యూటర్ యూఎస్‌బీలో పెట్టే క్యాప్చర్ పరికరం ఒకటి. హార్డ్ డిస్క్‌లో ఖాళీ జాగా. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం ఎర్రగడ్డ సంత, లేకపోతే గురువారం జుమేరాత్ బజార్. వీసీఆర్ కొనడానికి పోయేటప్పుడు ఇంట్లోంచి ఏదో పనికిరాని సినిమా క్యాసెట్ పట్టుకుపోండి. అక్కడే ప్లగ్గు పెట్టించి తిప్పి చూడండి. మీ ఖాలా షాదీ టేపుతో మాత్రం పరీక్ష పెట్టకండి, పాత వీసీఆర్ టేపును నమిలేస్తే పోయేది వీసీఆర్ కాదు.

వీసీఆర్ లోపల వెండిలా మెరిసే డోలు ఒకటి ఉంటుంది. దానికే హెడ్లు ఉంటాయి. మన పాల్ పద్ధతిలో అది నిమిషానికి 1500 చుట్లు తిరుగుతూ ఫీతాను చదువుతుంది. దాని మీద మురికి ఉంటే తెర మీద మంచు కురుస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన తెల్ల కాగితం ముక్కను డోలుకు ఆనించి, పైనుంచి వేలితో డోలును నెమ్మదిగా తిప్పాలి. కాగితాన్ని పైకీ కిందికీ రుద్దకూడదు, హెడ్ విరుగుతుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్లలు అసలే వద్దు. కరెంటు తీసేసి చేయాలని వేరే చెప్పాలా.

బూజు పట్టిన టేపును వీసీఆర్లో పెట్టకండి. ఆ బూజు హెడ్లకు అంటుకుంటుంది, అక్కడి నుంచి తర్వాతి టేపుకు పోతుంది. అలాంటివి పక్కన పెట్టి, సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో మూసి, ఆరాక వాటి కోసమే ఒక పాత వీసీఆర్ వేరుగా ఉంచుకుని తిప్పాలి. బాగున్న టేపుల్ని కూడా ముందు ఆఖరు దాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి చుట్టండి. ఇరవై ఏళ్లు ఒకే చుట్టగా పడి ఉన్న ఫీతా బిగుసుకుని ఉంటుంది, అది సడలుతుంది.

క్యాప్చర్‌కు వర్చువల్‌డబ్ అనే పాత ముఫ్త్ సాఫ్ట్‌వేర్ చాలు. ఓబీఎస్‌తోనూ అవుతుంది. పాల్ అని ఎంచుకుని, సైజు 720 బై 576, సెకనుకు 25 ఫ్రేములు పెట్టండి. హఫ్‌వైయూవీ అనే కోడెక్‌లో రికార్డు చేస్తే బొమ్మలో ఏదీ పోదు. జాగా మాత్రం తింటుంది, గంటకు ముప్ఫై జీబీ పైన. మూడు గంటల టేపుకు దాదాపు వంద జీబీ. భయపడకండి, రోజూ అందరూ చూసుకునే ఫైలును దాని నుంచి తర్వాత రెండు మూడు జీబీల్లో చేసుకోవచ్చు. రికార్డు అవుతున్నప్పుడు కంప్యూటర్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చండి, పక్కన వేరే పనులు పెట్టకండి. మొదట పది నిమిషాలు తీసి, మాటకూ పెదాలకూ జోడీ కుదిరిందో లేదో చూసుకుని ముందుకు పోండి.

తెర అడుగున ఒక సన్నటి గీత వణుకుతూ ఉంటుంది. అది మీ టేపు లోపం కాదు. హెడ్లు మారే చోటు, అన్ని టేపుల్లోనూ ఉండేదే. పాత టీవీలు దాన్ని అంచు కింద దాచేసేవి. ఇంకో వింత, దుప్పట్టా ఊగినా చెయ్యి కదిలినా అంచులు దువ్వెన పళ్లలా విడిపోతాయి. టేపు సెకనుకు యాభై సగం బొమ్మల్ని దాస్తుంది, ఒక సగంలో సరి గీతలు, ఇంకో సగంలో బేసి గీతలు. కంప్యూటర్ ఆ రెండిటినీ ఒకేసారి చూపిస్తే ఇలా అవుతుంది. దీన్ని సరిచేసే పద్ధతులు ఉన్నాయి. నకలులో చేసుకోండి. అసలును ముట్టుకోవద్దు.

ఈ అసలు, నకలు అనే మాటలు చూడండి. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు సాహిత్యం. నా రెండు భాషలూ గొడవ లేకుండా కలిసి కూర్చునే చోటు నాకు తహసీల్ ఆఫీసులోనే కనబడింది. అసలు, నకలు, దస్తావేజు, జమాబందీ. ఏ రైతునైనా అడగండి, నకలు తెచ్చుకుంటాడు, అసలును వదలడు. వీడియోకూ అదే కాయిదా. టేపులోంచి మొదట తీసిన పెద్ద ఫైలు అసలు. కోసినా, రంగు దిద్దినా, చిన్నది చేసినా నకలులోనే. దుకాణాల వాళ్లు మీకు ఇచ్చేది నకలు మాత్రమే. అసలు వాళ్ల కంప్యూటర్లోనే ఉంటుంది, లేదా ఎప్పుడో చెరిపేసి ఉంటారు. రెండూ మనకు నష్టమే.

4కె ముచ్చట చెబుతానన్నాను కదా. వీహెచ్ఎస్ టేపులో ఉండే వివరం అడ్డంగా సుమారు 240 గీతలంత. దాన్ని 4కెగా మార్చడమంటే గ్లాసెడు షర్బత్‌ను బిందెడు నీళ్లలో కలపడం. ఎక్కువైనట్టు కనబడుతుంది, అంతే. ఇప్పుడు కొత్తగా ఏఐ వచ్చింది. మొఖాలు స్పష్టం చేస్తుందట. చేసి చూశాను. టేపులో మా నానీ మొఖం ఒక మసక. కళ్లెక్కడో, ముక్కెక్కడో మాకు తెలుసు కాబట్టి మేం పోల్చుకుంటాం. ఏఐ ఆ మసకలోంచి ఒక ముసలావిడను తయారుచేసి ఇచ్చింది. చక్కటి ముడతలు, తళతళలాడే కళ్లు. ఆమె ఎవరో మాకు తెలియదు. రేపు నా మనవలు ఆ మొఖాన్నే నానీ అనుకుంటారు. మసక ఉండనివ్వండి.

గల్ఫ్ టేపులకు ఒక పేచీ ఉంది. సౌదీలో అప్పట్లో టీవీ ప్రసారాలు సెకామ్ అనే వేరే పద్ధతిలో ఉండేవి. మా చచ్చా రియాద్ నుంచి పంపిన టేపు ఇక్కడి వీసీఆర్లో నలుపు తెలుపుగా తిరిగింది. రంగు ఎగిరిపోయిందని అందరం అఫ్సోస్ పడ్డాం. ఎన్నో ఏళ్ల తర్వాత అన్ని పద్ధతులూ చదివే మల్టీ సిస్టమ్ వీసీఆర్లో పెడితే చచ్చా చొక్కా ఆకుపచ్చ. అమెరికా నుంచి వచ్చిన టేపులైతే ఎన్‌టీఎస్‌సీ. అలాంటివి మీ దగ్గర ఉంటే చెడిపోయాయనుకుని పారేయకండి.

ఇప్పుడు అన్నిటికన్నా నాకు ముఖ్యమైన మాట. టేపును ఆఖరు దాకా తిరగనివ్వండి.

దుకాణంలో ఏం చేస్తారంటే, రుఖ్సతీ అయిపోయి తెర నీలంగా మారగానే ఆపేస్తారు. వాళ్ల హిసాబులో పని అయిపోయింది. కానీ ఆ రోజుల్లో క్యాసెట్ మహెంగా వస్తువు. ఒకసారి వాడినదాని మీదే మళ్లీ రికార్డు చేసేవాళ్లం. కొత్త రికార్డింగ్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి పాతది బతికే ఉంటుంది. మా ఖాలా వలీమా టేపులో అంతా అయిపోయాక నీలం తెర, కాసేపు మంచు, ఆ తర్వాత పదకొండు నిమిషాల పాత రికార్డింగ్ దొరికింది. ఎవరో కెమెరా కొత్తగా తెచ్చి పరీక్షించినట్టున్నారు. మా పాత ఇంటి సెహన్. నానీ చాటలో బియ్యం ఏరుతోంది. కెమెరా తన మీద ఉందని ఆమెకు తెలియదు. ఏదో గొణుక్కుంటోంది, ఢోలక్ గీత్ ఒకటి, మధ్యమధ్య తెలుగు మాటలతో. గేటు అవతల చెరకు బండ్లు పోతున్నాయి. షక్కర్ ఫ్యాక్టరీ 2015లో మూతబడింది. ఆ ఇల్లు అంతకుముందే అమ్మేశాం. నానీ ఆవాజ్ మాకు ఇంకెక్కడా లేదు, ఎందుకంటే షాదీ టేపుల మీద స్టూడియో వాళ్లు మిక్సింగ్ పేరుతో ఆద్యంతం సినిమా పాటలు పూసేశారు. పెదాలు కదులుతాయి, లతాజీ వినబడుతుంది. ఆ పదకొండు నిమిషాల మీద మాత్రం ఎవరూ పాట పూయలేదు.

ఇక ఇజాజత్ సంగతి. ఎక్కించడం ఇంట్లోనే చేసినంత మాత్రాన అమానత్ నిలిచినట్టు కాదు. ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో వేసేస్తే దుకాణానికీ మనకూ ఫరక్ ఏముంది? గ్రూపులో అల్లుళ్లుంటారు, మరుదులుంటారు, ఎవరి దోస్తో ఎవరి ఫోన్లో చూస్తాడు. నా మటుకు నేను కాయిదా పెట్టుకున్నాను. టేపులో ఎవరున్నారో హక్ వాళ్లది. ఖాలాకు ఫోన్ చేసి చెప్పాను, మీ టేపు తయారైందని. "పైలే మేరెకు దిఖా రే బేటా, కిసీకు దేనా నక్కో" అంది. ముందు తనకు చూపించమంది, ఎవరికీ ఇవ్వొద్దంది. లాప్‌టాప్ పట్టుకుపోయి ఆమె గదిలో పెట్టి, ప్లే నొక్కి బయటికొచ్చి కూర్చున్నాను. రెండు గంటలు. లోపలి నుంచి నవ్వు వినబడింది, తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. బయటికొచ్చి నాలుగు నిమిషాలు తీసేయమంది. ఏ నాలుగో చెప్పింది, ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. నకలు తన ఇద్దరు కూతుళ్లకు ఇవ్వమంది. కొడుక్కు? వాడి పెళ్లాం చేతికిమ్మంది.

ఆమె మొత్తం చెరిపేయమని ఉంటే చెరిపేసేవాణ్ని. చరిత్ర, జ్ఞాపకం, సంస్కృతి అని ఆమెకు తఖ్రీర్ ఇచ్చే హక్ నాకు లేదు. జర్నలిస్టులకు ఈ మాట నచ్చదని తెలుసు.

పోయినవాళ్ల సంగతి అంత సులువు కాదు. మా పెద్ద ఫుప్పూ సాంచక్ టేపులో అందరికన్నా బాగా పాడింది. ఆమె మర్హూమా అయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. ఎవరిని అడగాలి? ఆ పాటల్ని నలుగురికీ వినిపించాలని నాకు ఉంది, అట్లాంటి పాటలు పాడేవాళ్లు మా బోధన్‌లో ఇప్పుడు వేళ్ల మీద లెక్క. బొమ్మ తీసేసి ఆవాజ్ మాత్రం ఇస్తే? అమ్మీ అంది, ఆవాజ్‌కు కూడా పర్దా ఉంది, మీ ఫుప్పూ ఎవరి ముందు పాడిందో వాళ్ల కోసమే పాడింది అని. నా బీవీ వేరే మాటంది. ఫుప్పూ బతికుంటే తన పాట మర్చిపోతే బాధపడేదా, పదిమంది వింటే బాధపడేదా అని. ఇద్దరి మాటా నాకు సరైనదిగానే తోచింది. ఫైలు ప్రస్తుతం అలాగే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు.

మగవాడు ఈ టేపులు ఎలా ఎక్కిస్తాడని అడిగేవాళ్లకు నా జవాబు: నిజానికి మగవాడు ఎక్కించనే అక్కర్లేదు. మా ఇంట్లో సగం టేపులు ఎక్కించింది మా ఆపా కూతురు. ఇంటర్ చదువుతోంది. ఒక మధ్యాహ్నం చూపిస్తే నేర్చుకుంది, ఇప్పుడు హెడ్ శుభ్రం చేయడంలో నాకన్నా చెయ్యి తిరిగింది. టెస్టు చూసుకున్నాక స్క్రీన్ ఆపేసినా రికార్డింగ్ ఆగదు, ఎవరూ కూర్చుని చూడాల్సిన పనే లేదు. అప్పట్లో జనానాలోకి స్టూడియో అతని చెల్లెలు కెమెరా పట్టుకొచ్చేదని చెప్పాను కదా. ఇప్పుడు మొహల్లాకు ఒక ఆడపిల్ల ఈ పని నేర్చుకుంటే ఆ షర్తు నిలుస్తుంది, ఆ పిల్లకు ఇంట్లో కూర్చుని నాలుగు పైసల ఆమ్‌దనీ ఉంటుంది. మన అంజుమన్లు కుట్టుమిషన్లు పంచుతున్నాయి, మంచిదే. ఒక వీసీఆరూ ఒక కంప్యూటరూ కూడా పెట్టండి. కస్టమర్ పక్కనే కూర్చోవాలి, పని అయ్యాక మెషిన్‌లోంచి ఫైలు ఆమె కళ్లముందే చెరపాలి, ఈ రెండు షర్తులు గోడ మీద రాసి పెట్టండి.

ఇంకో చిన్న మాట. క్యాసెట్ మీది చిట్టీని ఫోన్‌తో ఫోటో తీసి ఆ ఫైలు పక్కనే దాచండి. మా టేపుల మీద నానీ, అమ్మీ ఉర్దూలో రాసిన పేర్లు, తారీఖులు ఉన్నాయి. నా పిల్లలు ఉర్దూ మాట్లాడతారు, చదవలేరు. కాబట్టి ఫైలు పేర్లు తెలుగులో పెట్టాను, ఎవరి షాదీ, ఏ సాలు, ఏ ఇల్లు. హార్డ్ డిస్కులు రెండు చేయండి, రెండూ ఒకే ఇంట్లో పెట్టకండి. ఒకటి మా దగ్గర, ఇంకొకటి ఖాలా పెద్ద కూతురి దగ్గర. డిస్కులూ చెడిపోయేవే, రెండు మూడేళ్లకోసారి కొత్తదానిలోకి మార్చుకోవాలి. ఎక్కించాక టేపుల్ని పారేయకండి. నిలువుగా, పుస్తకాల్లా, చెమ్మ లేని చోట పెట్టండి.

మూడు గంటల టేపుకు మూడు గంటలే పడుతుంది, దగ్గరి దారి లేదు. పదిహేను టేపులుంటే ఆదివారానికి ఒకటి చొప్పున నాలుగు నెలలు. మా దగ్గర ఇంకా ఆరున్నాయి. అందులో రెండిటికి బూజు. అవి సిలికా జెల్ డబ్బాలో ఆరుతున్నాయి. వాటి కోసం ఇంకో పాత వీసీఆర్ వెతకాలి, వచ్చే ఆదివారం ఎర్రగడ్డ పోతున్నాను. ఒకదాని మీద చిట్టీ చెరిగిపోయింది, "జనానా" అన్న ఒక్క మాటే చదవొస్తోంది. దాన్ని ఆపా కూతురే ఎక్కిస్తానంది.